బోరు వేయుటకు ముందు: భూగర్భ శాస్త్రజ్ఞుని పని

త్రాగునీటికి క్రొత్త బోరు ఎచ్చట వేయవలెనన్న ప్రశ్న పంచాయతీ సమావేశములకు తరచుగా వచ్చుచుండును. కొన్ని ఊళ్ళలో అరచేత టెంకాయ నుంచుకొని నడచువారు స్థలము చూపుదురు. వారు చూపినచోట నీరు పడుటయు కలదు, పడకపోవుటయు కలదు. ఒండ్రుమట్టి పేరుకొన్న కృష్ణా, గోదావరి డెల్టాలలో ఎచ్చట త్రవ్వినను నీరు తగులును గాన ఎవరు చూపినను ఒకటే. అది మంచినీరా, ఉప్పునీరా యనునది వేరు మాట. చిక్కంతయు రాయలసీమ, తెలంగాణముల బండ నేలలలోనే యున్నది.

గ్రానైటు బండ తనలో నీటిని ఇముడ్చుకొనజాలదు. ఎండకు, వానకు శిథిలమై మెత్తబడిన పై పొరలోను, దాని క్రింద బండలోని పగుళ్ళలోను మాత్రమే నీరు నిలుచును. పగులు తగిలిన బోరు నిండుగా పోయును. పది గజముల అవతల వేసినదానినుండి రాతిపొడి మాత్రమే లేచును. ఈ పగుళ్ళ జాడ తీయుట భూగర్భ శాస్త్రజ్ఞుని పని.

ఆయన పరికరములు తరువాత విప్పును. మొదట చూచునవి ఊరి పాత దిగుడు బావులు. మట్టి ఎంతవరకున్నది, మొరము ఎంత మందము, గట్టిబండ ఎచ్చట మొదలైనది, ఊట ఏ ప్రక్కనుండి వచ్చుచున్నది, అన్నియు బావి గోడలందే కనబడును. పిదప వాగు వాలును, చేలకు అడ్డముగా సాగిన నల్లరాతి వరుసలను పరిశీలించును. మనము రాళ్ళగుట్ట యని దాటిపోవు ఆ వరుస, ఒకప్పుడు కరగిన శిల భూమి పగుళ్ళలోనికి ఎగదన్ని గడ్డకట్టిన డోలరైటు గోడ. అది నేల క్రింద ఆనకట్టవలె అడ్డుపడినచో ఎగువ వైపున నీరు నిలుచును, దిగువ బావులు వట్టిపోవును.

అటుపిమ్మట నాలుగు లోహపు మేకులను ఒకే వరుసలో నేలలో దిగగొట్టి, రెండింటి ద్వారా విద్యుత్తును పంపి, తక్కిన రెండింటి నడుమ వోల్టేజిని కొలుచును. మేకుల ఎడము పెంచినకొలది లోతైన పొరల సంగతి తెలియును. ఎండిన గట్టిబండ విద్యుత్తును అడ్డగించును. తడిసిన మొరము సులభముగా పోనిచ్చును. అయితే జిగట మట్టియు, ఉప్పునీరును అట్లే పోనిచ్చును. కావున ఊరి బావులు చూడక యంత్రమొక్కటే నమ్మి స్థలము చెప్పువారిని కొంత సందేహింపవలెను.

నీరు పడినంత మాత్రమున పని ముగియదు. గ్రానైటులోని కొన్ని ఖనిజములలో ఫ్లోరైడు కలదు. లోతు పగుళ్ళలో చిరకాలము రాతినంటియున్న నీటిలో అది కరగి చేరును. రంగు, రుచి, వాసన లేనందున త్రాగువారికి తెలియదు. కాచినను పోదు, నీరు ఇగిరినకొలది మరింత చిక్కబడును. అట్టి నీరు త్రాగి పెరిగిన పిల్లల పండ్లు గారపట్టును. ఏండ్ల తరబడి త్రాగినవారి ఎముకలు, కీళ్ళు బిగిసి నడుము వంగును. నాటి నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి వైద్యులు 1937లోనే ప్రకటించిరి. నల్లగొండ పల్లెలు పడిన బాధ అందరెరిగినదే. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకము అచ్చటికి కృష్ణా నీటిని గొట్టముల ద్వారా చేర్చినది. కాని ఊరి బోరునే త్రాగుటకు వాడుచోట్ల జాగ్రత్త తప్పదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరొక ఆధారము లేనపుడు 1.5 వరకు అంగీకరింపవచ్చునని భారత ప్రమాణము. లోతుకు పోయినకొలది మంచినీరు దొరకునను నమ్మకము ఇచ్చట తలక్రిందులు కావచ్చును. పాత బావిలో తక్కువగానున్న ఫ్లోరైడు 500 అడుగుల బోరులో హెచ్చుగా నుండుట కలదు.

శాస్త్రజ్ఞుడు వచ్చులోపల ఊరి బావులు, బోర్ల జాబితాను పంచాయతీ వారు సిద్ధపరచవలెను. లోతు, వేసిన సంవత్సరము, వేసవి చివరను వానల పిదపను నీటిమట్టము అందు వ్రాయవలెను. నీరు పడని బోర్లను చెప్పుటకు కొందరు సంకోచింతురు గాని, ఆయనకు మిక్కిలి పనికివచ్చునవి అవియే. క్రొత్త బావికి 2002 నాటి నీరు, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము ప్రకారము అనుమతి పొందవలెను. ఆయన వెంట ఉపాధ్యాయునితో బడిపిల్లలను పంపినచో మంచిది. తాడు జారవిడిచి నీటిమట్టము కొలుచుట వారు ఒక్క పూటలో నేర్తురు, నెలనెలా ఆ లెక్కను పంచాయతీ పుస్తకములో వ్రాయింపవచ్చును. నీరు పడిన బోరుకు పంపు బిగింపక ముందే ఆ నీటిని ఒక సీసాలో పట్టి పరీక్షశాలకు పంపవలెను.