గడ్డానికి బ్లేడా, కరెంటు షేవరా?

ఒకే వారంలో నన్ను ఇద్దరు ఒకే సంగతి రెండు రకాలుగా అడిగారు. ఒకాయన రిటైరైన పెద్దమనిషి. "మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ కరెంటు షేవరు తెచ్చాడండీ. అది వాడితే చర్మం మొద్దుబారిపోతుందని మా తోడల్లుడు అంటాడు. పెట్టె విప్పకుండానే బీరువాలో పెట్టేశాను. వాడమంటారా?" అన్నారు. రెండో అతను పాతికేళ్ళ బ్యాంకు ఉద్యోగి. రోజూ నున్నగా గడ్డం గీసుకుని వెళ్ళాలి. గీసుకున్న మర్నాటికల్లా మెడంతా ఎర్రటి పొక్కులు. "బ్లేడు మానేసి షేవరు కొనమంటారా సార్? వేలకు వేలు పోశాక అదీ ఇంతే అయితే?" అన్నాడు.

ఇద్దరికీ "వాడండి" అనే చెప్పాను. కాని కారణాలు వేరు. ఏ జబ్బూ, ఏ పొక్కూ లేని మూడో మనిషి ఎవరైనా అడిగి ఉంటే, "మీకెందుకండీ డబ్బు దండగ? హాయిగా బ్లేడే వాడుకోండి" అనేవాణ్ణి. చెప్పులు మంచివా, బూట్లు మంచివా అంటే ఏం చెబుతాం? ఎవరి కాలికో, ఏ దారికో ముందు తెలియాలి కదా!

అసలు ఈ రెండూ ఏం చేస్తాయో చూద్దాం. గడ్డం వెంట్రుక రోజుకి సుమారు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. బ్లేడు దాన్ని చర్మం మట్టానికి, ఒక్కోసారి అంతకన్నా లోపలికి కోస్తుంది. వెంట్రుకతోపాటు చర్మం పైపొరని కూడా కాస్త గీకేస్తుంది. గీసుకున్నాక చెంప నున్నగా, మెరుస్తున్నట్టుగా ఉండటానికి కారణం ఇదే. షేవరు పద్ధతి వేరు. పైన చిల్లులున్న పల్చటి రేకు, దాని కింద కదిలే కత్తులు. వెంట్రుక చిల్లులోంచి లోపలికి దూరితే కత్తెరలో పడ్డట్టు తెగుతుంది. కత్తి చర్మానికి నేరుగా తగలదు. గుండ్రటి తలలున్న రకంలోనూ ఇంతే. అంచేత వెంట్రుక మొదలు కొంచెం మిగులుతుంది. సాయంత్రానికి గరుకు తెలుస్తుంది. షేవరు గుణమూ దోషమూ రెండూ ఆ మిగిలిన ముక్కలోనే ఉన్నాయి.

ఇవేమీ కొత్త వస్తువులు కావు. జిల్లెట్ అనే అమెరికన్ వ్యాపారి మార్చుకునే బ్లేడున్న సేఫ్టీ రేజరుకి 1904లో పేటెంటు సంపాదించాడు. షిక్ అనే మాజీ సైనికాధికారి తయారుచేసిన కరెంటు షేవరు 1931లో బజారుకి వచ్చింది. అప్పటి నుంచీ రెండు పక్షాలవాళ్ళూ ప్రకటనలు గుప్పిస్తూనే ఉన్నారు. చర్మం మొద్దుబారటం అన్నది మాత్రం వట్టి మాట. వెంట్రుక దట్టంగా మొలుస్తుందన్నదీ అంతే. పైన కోసినంత మాత్రాన లోపలి కుదురుకి ఆ సంగతి తెలియదు.

బ్లేడు చేసే గాయం ఎలాంటిదో తెలియాలంటే ఆసుపత్రికి రావాలి. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఆపరేషన్ ముందు రోజు రాత్రి రోగి పొట్టంతా బ్లేడుతో నున్నగా గీయించటం మామూలు ఆచారం. శుభ్రత అనుకునేవారు. తీరా పరిశీలిస్తే, అలా గీసినవాళ్ళ కుట్లే ఎక్కువగా చీము పట్టేవని తేలింది. కంటికి కనపడని గాట్లు, వాటిలో రాత్రంతా పెరిగే సూక్ష్మజీవులు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనల్లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. వెంట్రుకలు తీయనే వద్దు, తప్పనిసరైతే క్లిప్పరుతో కత్తిరించండి, బ్లేడు మాత్రం వద్దు అని. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, ముందు రోజు ఇంట్లోనే "సాయం చేద్దాం" అని బ్లేడు పట్టకండి.

పొట్టకి జరిగేదే చెంపకీ జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాడి చర్మం ఆ గాట్లని ఒకటి రెండు రోజుల్లో పూడ్చుకుంటుంది. కాని అందరికీ అది సాధ్యం కాదు.

ముందు మన బ్యాంకు అబ్బాయి సంగతి. అతని గడ్డం ఉంగరాలు తిరిగిన గడ్డం. అలాంటి వెంట్రుకని లోపలికంటా కోస్తే, దాని కొస వాడిగా తయారై, వంకర తిరిగి పెరుగుతూ పక్క చర్మంలోకి గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లుగా భావించి పోట్లాడుతుంది. ఆ పోట్లాటే పొక్కు. చర్మాన్ని వేళ్ళతో లాగిపట్టి, ఎదురు గీసి, మూడేసి నాలుగేసి బ్లేడులున్న రేజరుతో మళ్ళీ మళ్ళీ గీకేవాళ్ళకి ఇది మరీ ఎక్కువ. ముందు బ్లేడు వెంట్రుకని పైకి లాగుతుంది, వెనక బ్లేడు కోస్తుంది, మిగిలిన మొదలు చర్మం కిందికి జారుకుంటుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు రాస్తే రెండు రోజులు తగ్గినట్టుంటుంది. అందులో సాధారణంగా స్టెరాయిడు ఉంటుంది. నెలల తరబడి రాస్తే మొహం పల్చబడి, ఎర్రబడి, అసలు జబ్బు కన్నా పెద్ద జబ్బవుతుంది. ఇతనికి నేను చెప్పింది ఒక నెల రోజులు గడ్డం పెంచమని. పై అధికారికి చీటీ రాసిచ్చాను కూడా. ఆ తరవాత షేవరు, అదీ గట్టిగా అదమకుండా. లేదా ఒక మిల్లీమీటరు వదిలే ట్రిమ్మరు. నున్నదనం మీద మోజు వదులుకుంటే పొక్కులు చాలావరకు పోతాయి.

ఇక రిటైరైన పెద్దాయన. గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్రలు వేసుకుంటున్నారు. చేతులు కూడా కాస్త వణుకుతాయి. బ్లేడు చిన్న గాటు పెట్టినా రక్తం ఒక పట్టాన ఆగదు. ఇలాంటివారికి షేవరు విలాస వస్తువు కాదు, మందు సీసా పక్కన ఉండాల్సిన వస్తువు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గడ్డం గీసుకుంటే రక్తం ఆగటం లేదని కొందరు ఆ రోజు మాత్ర మానేస్తారు. లోహపు కవాటం ఉన్నవాళ్ళకి ఇది ప్రాణాపాయం. కవాటం మీద రక్తం గడ్డకడితే పక్షవాతం రావచ్చు. మానాల్సింది బ్లేడు. మాత్ర మానకండి. గాటు పడితే శుభ్రమైన గుడ్డతో అయిదు పది నిమిషాలు మధ్యలో తీసి చూడకుండా అదిమిపట్టండి. అప్పటికీ ఆగకపోతే, చిగుళ్ళ నుంచి కూడా రక్తం వస్తుంటే, డాక్టరు దగ్గరికి వెళ్ళి రక్తపరీక్ష చేయించుకోవాలి.

బొల్లి, సోరియాసిస్ ఉన్నవాళ్ళకి గాటు పడ్డచోట కొత్త మచ్చ లేవవచ్చు. గడ్డంలో చదునైన పులిపిర్లు ఉన్నవాళ్ళ చెంప మీద, బ్లేడు నడిచిన గీత వెంబడే వరసగా కొత్తవి మొలవటం నేను చాలాసార్లు చూశాను. వీళ్ళంతా షేవరు వైపు మొగ్గటం మంచిది. పులిపిర్లకి మాత్రం అవి పోయేదాకా గీయకుండా ఉండటమే అన్నిటికన్నా మేలు. చక్కెర వ్యాధి అదుపులో లేనివాళ్ళకీ, పక్షవాతంతో మంచాన ఉన్నవాళ్ళకీ కూడా షేవరే సుఖం. మంచాన ఉన్న తండ్రికి కొడుకు గడ్డం చేసేటప్పుడు బ్లేడైతే ఇద్దరికీ భయమే. గుండెకి పేస్‌మేకరు ఉన్నవాళ్ళు ముఖం మీద షేవరు నిశ్చింతగా వాడవచ్చు. దాన్ని తీసుకెళ్ళి రొమ్ము మీద, పేస్‌మేకరుకి ఆనించి పెట్టకండి.

షేవరు కొన్నవాళ్ళు వారం తిరక్కుండానే "మంటగా ఉంది, సరిగ్గా తెగటం లేదు" అని మూలన పడేస్తారు. చర్మం అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. పైగా మనది చెమట దేశం. విశాఖలోనో, బెజవాడలోనో వేసవిలో స్నానం చేసి వచ్చిన క్షణం నుంచే చెమట. తడిసిన చర్మం మీద షేవరు జారదు, పట్టి లాగుతుంది. అంచేత స్నానానికి ముందు, ఫ్యాను కింద, పొడి మొహం మీద వాడండి. తడి మీద వాడవచ్చని రాసి ఉన్న రకాల సంగతి వేరు. వారానికి పైగా పెరిగిన గడ్డానికి ముందు ట్రిమ్మరు, తరవాతే షేవరు. రేకు ఎక్కడైనా చిరిగితే వెంటనే మార్చండి, అది బ్లేడు కన్నా దారుణంగా కోస్తుంది.

బ్లేడు వాడుకునేవారు చేయాల్సింది ఒకటే ముఖ్యం: నానబెట్టటం. పొడి వెంట్రుక మొండిది. రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళతో తడిపితే మెత్తబడి సులువుగా తెగుతుంది. అందుకే స్నానం అయ్యాక గీసుకోవటం ఉత్తమం. వెంట్రుక వాలు ఎటుంటే అటే గీయండి. ముక్కు పక్కన, పై పెదవి మీద మొటిమ ఉంటే దాన్ని కోయకుండా చుట్టూ తిప్పి వదిలేయండి. అక్కడి రక్తనాళాలకి మెదడు దగ్గరి నాళాలతో సంబంధం ఉంది. చీము అటు పాకటం అరుదే కాని, పాకితే మనిషి దక్కటం కష్టం. బ్లేడుని ఎన్నిసార్లు వాడాలి అని అడుగుతారు. 2020లో అమెరికాలోని ఎమ్‌ఐటీ పరిశోధకులు ఒక చిత్రం గమనించారు. వెంట్రుక ఉక్కు కన్నా యాభై రెట్లు మెత్తనిదైనా, వంగి ఒక పక్కగా తగిలినప్పుడు బ్లేడు అంచుని పెచ్చులుగా లేపేస్తుందట. కాబట్టి లాగుతున్నట్టు అనిపించగానే పారేయండి. పదిసార్లా, పన్నెండుసార్లా అని లెక్క పెట్టి పొదుపు చేయకండి.

అన్నిటికన్నా నాకు బెంగ ఒక సంగతి గురించి. ఆ మధ్య ఒక స్కూలు మాస్టారు రక్తదానానికి వెళితే, పరీక్షలో హెపటైటిస్ బి ఉన్నట్టు బయటపడింది. నెలా ముప్ఫై రోజుల్లో ఇల్లంతా మారిపోయింది. ఆయనకి వేరే కంచం, వేరే గ్లాసు, వరండాలో వేరే పక్క. పాపం, పిల్లల్ని దగ్గరికి తీసుకోవటానికి కూడా జంకుతున్నారు. అన్నీ విని, "రేజరు ఎక్కడుంది?" అని అడిగాను. స్నానాలగదిలో అద్దం కింద ఉందట. కొత్తగా మీసం వస్తున్న పెద్దకొడుకు దానితోనే గీసుకుంటున్నాడు. ఇల్లాలు కూడా చంకల్లో వెంట్రుకలు తీయటానికి అప్పుడప్పుడూ అదే వాడుతోంది!

కంచం వల్ల, గ్లాసు వల్ల, పక్కన కూచుని అన్నం తినటం వల్ల ఈ జబ్బు రాదు. రక్తం వల్ల వస్తుంది. ఎయిడ్స్ వైరస్ శరీరం బయట త్వరగా నీరసిస్తుంది కాని, హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. కంటికి కనపడనంత మరక చాలు. నీళ్ళ కింద ఝాడించినా, చుక్క డెట్టాలు పోసినా నమ్మకం లేదు. ఏళ్ళ తరవాత కాలేయం గట్టిపడో, కాన్సరొచ్చో బయటపడేదాకా మనిషికి తెలియకపోవచ్చు. ఆ కుటుంబంలో అందరికీ రక్తపరీక్ష చేయించి, జబ్బు లేనివారికి టీకా మొదలుపెట్టాం. ఇప్పుడు, నెల తరవాత, ఆరు నెలలకి, ఇలా మూడు మోతాదులు. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా 1997లో మన హైదరాబాదులోనే, శాంతా బయోటెక్నిక్స్‌లో వచ్చింది. ఇప్పుడు పసిపిల్లలకి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. పెద్దవాళ్ళే వేయించుకోరు. హెపటైటిస్ సి కూడా ఇదే దారిన వస్తుంది, దానికి టీకా లేదు.

షేవరైతే అందరూ వాడుకోవచ్చా అంటే అదీ కూడదు. రేకు కూడా చర్మాన్ని సన్నగా గీరుతుంది, లోపల పొట్టూ తడీ చేరతాయి. ఇంట్లో ఇద్దరు మగవాళ్ళుంటే రెండు రేజర్లు, లేదా రెండు షేవర్లు. ఒకటే షేవరు కొనగలిగితే జబ్బున్నవాడికి అది ఇచ్చి, మిగతావాళ్ళు ఎవరి బ్లేడు వారు వాడుకోండి.

సెలూన్‌లో కొత్త బ్లేడు కళ్ళముందు విరిచి పెట్టమని అడగటానికి మొహమాటపడకండి. చాలామంది అడక్కుండానే మారుస్తున్నారు, సంతోషమే. కాని ఆఖర్న రాసే పటికముక్క మాత్రం పొద్దుటి నుంచి అందరి గాట్ల మీదా తిరిగినదే. దాన్ని వద్దనండి, లేదా మీ ముక్క మీరు జేబులో పెట్టుకెళ్ళండి. ట్రిమ్మరు అందరికీ ఒక్కటే వాడతారు కాబట్టి తామర అంటుకునే అవకాశం ఉంది. ఈ మధ్య తామర మామూలు మందులకి లొంగటం లేదు కూడా. వాడే ముందు దాని తల స్పిరిటుతో తుడవమనండి.

వాడేసిన బ్లేడుని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేస్తే అది మర్నాడు చెత్త ఎత్తేవాళ్ళ వేళ్ళలో దిగుతుంది. ఖాళీ పౌడరు డబ్బా మూతకి ఒక గాటు పెట్టి అందులో వేస్తూ ఉండండి. డబ్బా నిండటానికి రెండు మూడేళ్ళు పడుతుంది. నిండాక గాటు మీద టేపు అంటించి, చెత్త తీసుకెళ్ళే అతనికి ఇందులో బ్లేడులున్నాయని చెప్పి విడిగా ఇవ్వండి.