మనుమని చెంతకు వచ్చిన తాత

వామనావతార కథ తెలియని తెలుగువారు అరుదు. మూడడుగుల నేల అడిగిన వటువు, వలదని వారించిన శుక్రాచార్యుడు, ఆడిన మాట తప్పని బలిచక్రవర్తి అందరి మనస్సులలోను నిలిచియున్నారు. అయితే ఆ ఘట్టము చివర నడచివచ్చిన ఒక పెద్దాయనను మనము అంతగా తలచుకొనము. ఆయన ప్రహ్లాదుడు. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు, విరోచనుని కుమారుడు బలి. అనగా వచ్చినవాడు తాత.

శ్రీమద్భాగవతము అష్టమ స్కంధములో ఆ సన్నివేశము కలదు. బలి సర్వస్వమును కోల్పోయి, వరుణపాశములచే కట్టువడి నిలిచియున్నాడు. అంతకు మునుపు తాతగారు వచ్చినచో పూజాద్రవ్యములతో అర్చించుట అతనికి అలవాటు. ఆనాడు చేతులు కదలవు. తల మాత్రము వంచి నమస్కరించెను. కన్నులు నీటితో నిండెను, సిగ్గుతో ముఖము వాలిపోయెను.

ప్రహ్లాదుడు ఏమి చేసెను? మనుమని మందలింపలేదు. గురువు మాట వినవలసినదని ఎత్తిపొడువలేదు. విడిచిపెట్టుమని స్వామిని అడుగనైన అడుగలేదు. ఆ విన్నపము చేసినవాడు బ్రహ్మ. ఇంద్రపదవి నిచ్చిన చేయే దానిని తీసికొనెననియు, ఆ తీసికొనుటయు అనుగ్రహమే యనియు పలికి నమస్కరించెను. ఆయన చేసినదెల్ల మనుమని ప్రక్కన నిలుచుటయే. పిదప స్వామి బలికి సుతలమును ప్రసాదించి, తానే గద ధరించి వాకిట కావలి యుందునని మాట యిచ్చెను. ప్రహ్లాదునితో మాత్రము, నీ మనుమనితో కలసి అక్కడికి వెళ్ళి సంతోషముగా ఉండుమని సెలవిచ్చెను. పరమభక్తునికి స్వామి ఇచ్చిన ఆజ్ఞలో మనుమని సాహచర్యము కూడ చేరియుండుట గమనింపదగినది.

మన గృహములలోని సంస్కారములందును తాతకు, అవ్వకు స్థానము తొలినుండియు కలదు. బిడ్డకు తాత పేరు పెట్టుట మనకు పాత ఆచారము. మామగారి పేరు నోట పలుకరాదన్న నియమముచే, కోడలు కన్నబిడ్డను సైతము పేరు పెట్టి పిలువలేక 'అబ్బాయీ' అనియో 'నాన్నా' అనియో పిలుచుకొనెడిది! అక్షరాభ్యాసము నాడు పళ్ళెములోని బియ్యముపై బిడ్డ వ్రేలు పట్టి దిద్దించు చేయి అనేక గృహములలో తాతగారిదే. భోగి సాయంకాలము రేగుపండ్లు, చెఱకుముక్కలు, పూలరేకులు, చిల్లర నాణెములు కలిపి, దిష్టి తీసి, పసివాని తలపై ముందుగా పోయునది ఇంటి పెద్దముత్తైదువ.

అన్నమాచార్యుల (1408–1503) జీవితము నేడు మనకు తెలియుచున్నదన్న, అది చాలవరకు ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన 'అన్నమాచార్య చరిత్రము' వలననే. అందులో అన్నమయ్యగారి తాత నారాయణయ్య కథయు కలదు. చదువు అబ్బక, దండనకు తాళలేక, ఊటుకూరి చింతాలమ్మ గుడియొద్ద పాముపుట్టలో చేయి పెట్టిన బాలుడాయన. అమ్మవారు ప్రత్యక్షమై, మూడవ తరమున నీ వంశములో గొప్ప హరిభక్తుడు జన్మించునని అభయమిచ్చెనట. ఆ భక్తుడే అన్నమయ్య. చదువులో వెనుకబడిన మనుమలున్న తాతలు ఈ కథను ఒకసారి చదువుట మంచిది.

ఇప్పుడు మన కాలమునకు వత్తము. పాఠశాల వార్షికోత్సవమునకో, ఆలయములో కోలాటమునకో రమ్మని మనుమలు పిలిచినప్పుడు చాలమంది పెద్దలు వెనుకాడుచున్నారు. మోకాళ్ళ నొప్పి, మెట్లు ఎక్కలేకపోవుట నిజమైన కారణములే. అంతకన్న లోతైనది మరొకటి కలదు: 'మేము వచ్చి చేయునదేమున్నది?' అను దిగులు. వేదికపై నిలిచిన బిడ్డ ముందుగా వెదకునది తనవారి ముఖము. అందుచే కొంచెము ముందుగా వచ్చి, బిడ్డకు కనబడుచోట కూర్చుండిన చాలును. ప్రక్కింటి పిల్లతో పోల్చుట మాత్రము కూడదు. ఆ పని చేయువారు లోకములో చాలమంది ఉన్నారు.

మనుమలు విదేశములలో ఉన్నవారికి ఈ భాగ్యము ఫోను తెరపైననే లభించుచున్నది. కాలిఫోర్నియాలో సాయంకాలము 6 గంటలకు మొదలగు నాట్యప్రదర్శన, వేసవిలో మనకు మరునాటి ఉదయము 6.30కు, చలికాలములో 7.30కు కనబడును. స్నానము, దీపారాధన ముగించుకొని, కళ్ళద్దములు తుడుచుకొని తెర ముందు కూర్చుండు అమ్మమ్మలు నేడు ఎందరో.

ఆలయ మండపములలో గీతాపారాయణ పోటీలు జరుగునప్పుడు తరచు ఒక దృశ్యము కానవచ్చును. ఏడెనిమిదేండ్ల పాప శ్లోకము మధ్యలో ఆగిపోవును. సభ నిశ్శబ్దమగును. మూడవ వరుసలో నాయనమ్మ పెదవులు మెల్లగా కదలును, శబ్దము రాదు. పాప అటు చూచి, ఊపిరి తీసికొని, మరల అందుకొనును. బహుమతి ఎవరికి వచ్చినదో ఆ నాయనమ్మను అడిగిన చెప్పలేదు. అప్పటికి ఆమె ప్రసాదపు దొన్నెలోని చక్కెరపొంగలిలో జీడిపప్పులు ఏరి మనుమరాలి నోట పెట్టుచుండును.