బావి వెడల్పు, గుమ్మి కొలత

వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు దారిలో మరిపెడ యున్నది. 2016 వరకు వరంగల్లు జిల్లాలో నుండి, ఆ యేడు ఏర్పడిన మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఈ ప్రాంతపు రైతులు చెరువును, బావిని నమ్ముకొని పైరు పెట్టుచు వచ్చినారు. బావి త్రవ్వించునపుడు అందరును అడుగు ప్రశ్న, "ఎంత లోతు?" అని. "ఎంత వెడల్పు?" అను ప్రశ్న అంతకంటె ముఖ్యమైనదని గణితము చెప్పుచున్నది. దానిని వివరించుటయే ఈ ప్రసంగములో మా ఉద్దేశము.

అడుగునుండి అంచువరకు ఒకే వెడల్పుగల గుండ్రని ఆకారమును స్థూపము అందురు. గుండ్రని బావి, నూనె పీపా, నిటారుగా అల్లిన ధాన్యపు గుమ్మి ఇట్టివే. దీని ఘనపరిమాణము తెలియుటకు రూపాయి బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చినట్లు ఊహింతము. ఒక బిళ్ల వైశాల్యమును దొంతి ఎత్తుతో గుణించిన చాలును. వృత్తవైశాల్యమనగా వ్యాసార్ధమును వ్యాసార్ధముతోనే గుణించి, 22/7 చేత హెచ్చించినది. ప్రక్కతలము లెక్క మరింత సులభము. గుండ్రముగా చుట్టి నిలబెట్టిన చాపను విప్పి పరచినచో దీర్ఘచతురస్ర మగును. దాని పొడవు స్థూపపు చుట్టుకొలత. వెడల్పు స్థూపపు ఎత్తు. ఈ రెంటి గుణకారమే ప్రక్కతల వైశాల్యము.

ఈ 22/7 ఉజ్జాయింపు మాత్రమే. ఆర్యభటుడు 499లో వ్రాసిన గ్రంథమున, 20,000 వ్యాసముగల వృత్తపు చుట్టుకొలత సుమారు 62,832 అని చెప్పెను. 22/7 చేత వచ్చు తప్పు పదివేలకు నాలుగు పాళ్లే కనుక ఇంటి లెక్కలకు చాలును. మహావీరాచార్యుని 9వ శతాబ్ది సంస్కృత గ్రంథమైన గణితసారసంగ్రహమున త్రవ్వకముల లెక్కకు ప్రత్యేకాధ్యాయము కలదు. ఆ గ్రంథమునే 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

ఇక రెండు బావులను చూతము. రెంటి లోతును 10 మీటర్లే. మొదటిదాని వ్యాసము మూడున్నర మీటర్లు, రెండవదానిది 7 మీటర్లు. మొదటిదానిలో త్రవ్వవలసిన మట్టి 96.25 ఘనమీటర్లు, రెండవదానిలో 385. వెడల్పు రెండింతలైన మట్టి నాలుగింత లైనది! గోడ వైశాల్యము మాత్రము 110 చదరపు మీటర్లనుండి 220కి, అనగా రెండింతలకే పెరిగినది. కాబట్టి లోతును మాత్రమే చూచి కూలి నిర్ణయించినచో, వెడల్పు బావి త్రవ్వువారి చెమట మూడు వంతులు లెక్కకెక్కదు. మట్టి త్రవ్వకమునకు ఘనమీటరు లెక్కను, రాతికట్టుడు పైతలపు పనికి చదరపు మీటరు లెక్కను కూలి కట్టుట న్యాయము.

మరియొక మెలిక గలదు. 7 మీటర్ల గోతిలో చుట్టును 35 సెంటీమీటర్ల మందమున రాతిగోడ కట్టినచో, లోపలి వ్యాసము 6.3 మీటర్లగును. తగ్గినది వ్యాసములో పదవ వంతే. కాని నీరు నిలుచు చోటు నూటికి 19 పాళ్లు తగ్గును. కావున ఎంత నీరు కావలెనో ముందు నిశ్చయించుకొని, గోడ మందమును కలుపుకొని గోయి గుర్తించవలెను.

ఈ లెక్క ఇల్లాండ్రకును పనికివచ్చును. లోపలి వ్యాసము 1.4 మీటర్లు, ఎత్తు 2 మీటర్లుగల గుమ్మిలో 3.08 ఘనమీటర్లు, అనగా 3,080 లీటర్ల ధాన్యము పట్టును. 20 లీటర్ల డబ్బాతో కొలిచిన 154 డబ్బాలు. ఒక డబ్బా ధాన్యమును తూచి చూచిన, గుమ్మి మొత్తపు బరువు తెలియును. డబ్బా 11 కిలోలు తూగినచో, మొత్తము 1,694 కిలోలు. లోపల అలుకుటకు ప్రక్కతలము 8.8, అడుగు 1.54, వెరసి 10.34 చదరపు మీటర్లు. నడుము ఉబ్బిన గుమ్మికి మాత్రము ఈ లెక్క సరిపోదు.

కొలత త్రాడు పట్టునపుడు వ్యాసమును రెండు మూడు చోట్ల కొలిచి, సగటు తీయుడు. లోతులో నూటికొక పాలు తప్పిన, ఫలితము నూటికొక పాలే తప్పును. వ్యాసములో తప్పిన, రెండు పాళ్లు తప్పును. లోతు లెక్కలో ఒక్కమారే వచ్చును, వెడల్పు రెండుమారులు వచ్చును. ఈ ఒక్క మాట గుర్తున్నచో, బేరమునందు రైతుగాని, కూలివాడుగాని మోసపోడు.