పొగగొట్టంలోని వేడిని కొలిచేది ఎట్లా?

నెల్లిమర్లనుండి అరకులోయకు పోవువారు విజయనగరం, శృంగవరపుకోట దాటిన పిమ్మట ఘాటురోడ్డు ఎక్కవలసి ఉన్నది. అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. నా మిత్రుడొకడు తన డీజిలు కారులో నిండుగా జనాన్ని ఎక్కించుకొని ఆ కొండ ఎక్కేవాడు. పైకి చేరగానే ఇంజను ఆపివేసేవాడు. ఇటువంటి ప్రయాణాలు కొన్ని జరిగిన పిమ్మట టర్బోఛార్జరు చెడిపోయినది. విప్పి చూడగా ఇరుసు బేరింగులలో నూనె మాడి మసిగట్టి ఉన్నది. "నీళ్ళ వేడి చూపే ముల్లు ఎన్నడూ సగం గీత దాటలేదండీ!" అని అతడు వాపోయినాడు.

ముల్లు అబద్ధమాడలేదు. అది చూపే వేడి వేరు. హాని చేసిన వేడి వేరు.

టర్బోఛార్జరు అనగా ఏమి? తిరునాళ్ళలో పిల్లలు కొనే కాగితపు గాలిమరను తలచుకొనండి. ఇంజనునుండి వెలువడే పొగ అటువంటి ఒక చక్రాన్ని త్రిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరొక చక్రం బయటి గాలిని పీల్చి, అదిమి, సిలిండర్లలోనికి నెట్టుతుంది. గాలి ఎక్కువైన కొద్దీ ఎక్కువ డీజిలును మండించవచ్చును, బలమూ పెరుగుతుంది. వ్యర్థంగా పోయే శక్తినుండి ఈ విధంగా పని రాబట్టవచ్చునని స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందినాడు. కార్లలో ఈ ఇరుసు నిమిషానికి లక్షకు మించిన చుట్లు తిరుగుతుంది.

డీజిలు ఇంజనులో పొగ ఎంత వేడిగా ఉండేదీ గాలికి, ఇంధనానికి గల నిష్పత్తిపై ఆధారపడి ఉంటుంది. ఊరకే నిలిచి తిరుగుతున్నప్పుడు ఇంధనం స్వల్పం, గాలి పుష్కలం. కనుక పొగ వేడి సాధారణంగా 200 డిగ్రీల సెంటిగ్రేడుకు లోపుననే ఉంటుంది. బరువుతో కొండ ఎక్కేటప్పుడు అది 700 డిగ్రీలను చేరవచ్చును. గాలి వడపోత దుమ్ముతో పూడినచో, అంతే డీజిలుకు గాలి తగ్గి, వేడి ఇంకను పెరుగుతుంది. నీటిని మాత్రం థర్మోస్టాటు, రేడియేటరు కలిసి సుమారు 90 డిగ్రీల వద్ద నిలిపి ఉంచుతాయి. నా మిత్రుని ముల్లు కదలకపోవడానికి కారణం ఇదే.

మరి 700 డిగ్రీలను కొలిచేది ఎట్లా? పాదరసం 357 డిగ్రీలకే మరిగిపోతుంది. ఇక్కడ మనకు తోడ్పడేది ఉష్ణయుగ్మం. రెండు వేరువేరు లోహపు తీగలను రెండు కొసల కలిపి, ఒక సంధిని వేడిచేసి, రెండవదానిని చల్లగా ఉంచినచో విద్యుత్తు ప్రవహిస్తుంది. దీనిని సీబెక్ 1821లో కనుగొన్నాడు. ఒక రాగి తీగను, ఒక ఇనుప తీగను కొసన మెలిపెట్టి, మిగిలిన కొసలను గాల్వనామీటరుకు తగిలించి, ముడిని కొవ్వొత్తి మంటలో ఉంచితే ఈ సంగతిని బడిలోనే చూడవచ్చును. అయితే ఒక వింత. ముల్లు కొంత దూరం పోయి, ఆగి, వెనుకకు మరలుతుంది! ఈ జంట విద్యుత్పీడనం సుమారు 270 డిగ్రీల వరకే పెరిగి, ఆపైన తగ్గుతుంది. కనుక ఇది పొగగొట్టానికి పనికిరాదు.

ఇంజనులకు నికెలు–క్రోమియం మిశ్రలోహం, నికెలు–అల్యూమినియం మిశ్రలోహం జంటను వాడుతారు. ఇది డిగ్రీకి దాదాపు 41 మైక్రోవోల్టుల చొప్పున, వెయ్యి డిగ్రీలు దాటినా, పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క. మీటరు 27.93 మిల్లీవోల్టులు చూపినది. పట్టికలో అది సుమారు 671 డిగ్రీలు. కాని పట్టిక చల్లని సంధి సున్న డిగ్రీల వద్ద ఉన్నదని భావించి వ్రాసినది. మన చల్లని సంధి 30 డిగ్రీల వద్ద ఉన్నది, దానికి 1.20 మిల్లీవోల్టులు కలుపవలెను. మొత్తం 29.13, అనగా 700 డిగ్రీలు. ఈ సవరణను నేటి మీటర్లు తామే చేసుకొంటాయి. అయితే మధ్యలో మామూలు రాగి తీగతో అతుకు వేసినచో, ఆ అతుకే చల్లని సంధి అయిపోతుంది. ఇంజను చెంత అది ఎంత వేడెక్కితే లెక్క అంత తప్పుతుంది.

కొలిచే చోటు కూడ ముఖ్యమే. టర్బైను చక్రానికి ముందు కొలిస్తే అసలు వేడి తెలుస్తుంది. కాని కడ్డీ విరిగితే ముక్క చక్రంలో పడుతుంది. చక్రం దాటిన తరువాత కొలిస్తే ఆ భయం లేదు. అయితే పొగ తన శక్తిలో కొంత చక్రానికి ఇచ్చివేసినందున అక్కడ వంద డిగ్రీలో, ఇంకను ఎక్కువో తక్కువ చూపుతుంది. ఈ తేడా బరువునుబట్టి మారుతుంది కనుక, ఏదో ఒక అంకెను కలిపి సరిపెట్టుకొనరాదు.

నేటి కార్లు పెక్కింటిలో ఇటువంటి కొలత లోపలనే జరిగి, వేడి మితిమీరినప్పుడు కంప్యూటరు ఇంధనాన్ని తగ్గిస్తుంది. అయినను నడిపేవాని వివేకం అనవసరం కాలేదు. ఎక్కుడులో క్రింది గేరుకు మారినచో ఇంజను వేగం పెరిగి గాలి ఎక్కువగా అందుతుంది. పైకి చేరిన పిమ్మట ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపినచో, కదిలే నూనె ఇరుసు వేడిని తీసుకొనిపోతుంది.

నా మిత్రుడు కొత్త టర్బోఛార్జరుకు చాల సొమ్ము చెల్లించినాడు. ఆ రెండు నిమిషాల డీజిలుకు అయ్యేది కొద్ది రూపాయలే. ఏ కొలత పరికరాన్నయినా చూచినప్పుడు, "ఇది ఎంత చూపుతున్నది?" అనే ప్రశ్నకు ముందు, "ఇది దేనిని చూపుతున్నది?" అని అడుగుట విద్యార్థులు అలవరచుకొనవలెను.