పడ్డవాడు లేచాకే నవ్వు

వాన వెలిసిన సాయంత్రం ఢిల్లీ కరోల్ బాగ్‌లోని అజ్మల్ ఖాన్ రోడ్డు మీద, రెండు చేతులా సంచులు పట్టుకుని నడుస్తున్న కుర్రాడు జర్రున జారి చతికిలబడ్డాడనుకోండి. చుట్టూ ఉన్నవాళ్ల నోట ముందు వచ్చేది నవ్వు కాదు, ‘అరె!’ అన్న కేక. గోల్‌గప్పా నోటిదాకా తీసుకెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోతుంది. ‘లగీ తో నహీ?’ అంటారెవరో, దెబ్బ తగల్లేదు కదా అని. కుర్రాడు లేచి ప్యాంటు దులుపుకుంటాడు. అప్పుడు గుప్పుమంటుంది నవ్వు. ఒక్కోసారి ఈ విరామం రెప్పపాటే గానీ, అసలు కీలకం అందులోనే ఉంది.

నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1998లో దీనికి ఒక వివరణ ప్రతిపాదించారు. ఎవరైనా పడగానే మనలో ప్రమాద ఘంటిక మోగుతుంది. అది ఉత్తదేనని తేలగానే, ‘కంగారు పడకండి, ఏమీ కాలేదు’ అని గుంపుకంతటికీ చాటే సంకేతమే నవ్వు అంటారాయన. అరటితొక్క మీద జారినవాడి తల పగిలితే ఎవరూ నవ్వరు, పరుగెత్తి పట్టుకుంటారు. పీటర్ మెక్‌గ్రా, కేలబ్ వారెన్ 2010లో దీనికి దగ్గరి మాటే చెప్పారు: ఏదో కట్టు తప్పాలి, కానీ హాని లేదనిపించాలి. ఈ రెండూ ఒకేసారి తోస్తేనే నవ్వొస్తుంది. కాబట్టి పడ్డవాణ్ణి చూసి నవ్వినంత మాత్రాన మనిషిని కఠినుడనడం అన్యాయం.

అయితే అన్ని నవ్వులూ ఇంత అమాయకం కావు. మహాభారతంలోని ఇంద్రప్రస్థం పురానా ఖిలా దగ్గరే ఉండేదని ఢిల్లీలో చెప్పుకుంటారు. ఆ నగరపు మయసభలో నీళ్లను నేలనుకుని దుర్యోధనుడు బట్టలతో సహా మడుగులో పడ్డాడు. భీముడు నవ్వాడు, సేవకులూ నవ్వారు. తర్వాత తండ్రితో చెప్పుకునేటప్పుడు దుర్యోధనుడు ద్రౌపది నవ్విందని కూడా వాపోతాడు. ఒంటికి దెబ్బ తగల్లేదు. మానానికి తగిలింది, అదీ దాయాదుల ఎదుట. అది నవ్వేవాళ్ల లెక్కకు అందలేదు.

గిట్టనివాడు పడితే కలిగే తృప్తి మెదడులోనూ కనిపిస్తుంది. 2009లో జపాన్ శాస్త్రవేత్త హిదెహికో తకహాషి బృందం, తాము అసూయపడే వ్యక్తికి కీడు జరిగినట్టు ఊహించుకొమ్మని కొందరికి చెప్పి వాళ్ల మెదళ్లను స్కాన్ చేసింది. బహుమతి దొరికినప్పుడు చురుకయ్యే వెంట్రల్ స్ట్రయేటమ్ అనే భాగం అప్పుడూ చురుకైంది. ఈ నవ్వుకు ‘లగీ తో నహీ’తో పని లేదు.

నన్ను ఇంకా ఎక్కువగా కలవరపెట్టేది ఫోన్ తెర. మెక్‌గ్రా బృందమే 2012లో దూరం ప్రభావాన్ని పరీక్షించింది. కాలివేలికి తగిలిన ఎదురుదెబ్బ నిన్నటిదైతే ఎక్కువ నవ్వొస్తుంది. కారు గుద్దిన ఘటన మాత్రం పాతబడితేనే ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది. తెర సరిగ్గా ఆ దూరాన్నే ఇస్తుంది. పైగా ఆ వీడియోలు చాలావరకు మనిషి నేలను తాకిన క్షణంలోనే ఆగిపోతాయి. అతను లేచాడో లేదో చూడకుండానే మన వేలు తర్వాతి వీడియోకి జరిగిపోతుంది.