భాగం - 9: కొత్త మందు మేలైనదని ఎలా తెలుస్తుంది? లింఫోమా చికిత్సలు, క్లినికల్ ట్రయల్స్

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• లింఫోమా అంటే ఏమిటో, దానికి వాడే ముఖ్యమైన చికిత్సలేవో చెప్పగలుగుతారు.
• క్లినికల్ ట్రయల్‌లోని దశలను వివరించగలుగుతారు.
• రెండు చికిత్సలను పోల్చడానికి యాదృచ్ఛిక కేటాయింపు ఎందుకు అవసరమో ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• ట్రయల్‌లో పాల్గొనే రోగికి ఉన్న హక్కులను పేర్కొనగలుగుతారు.

9.1 పరిచయం

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తెలియగానే బంధువులూ స్నేహితులూ "కొత్త మందేదో వచ్చిందట, కనుక్కోండి" అంటారు. ఆ మాటలో ఆశ ఉంది. దానితోపాటు, కొత్తది కాబట్టి పాతదానికన్నా మంచిదే అయి ఉంటుందన్న నమ్మకం కూడా ఉంది. ఆ నమ్మకం కొన్నిసార్లు నిజమవుతుంది, కొన్నిసార్లు కాదు. ఏది ఎప్పుడు నిజమో తేల్చే పద్ధతే క్లినికల్ ట్రయల్. మనుషుల మీద, ముందుగా రాసుకున్న ప్రణాళిక ప్రకారం, ఒక చికిత్స ఎంత సురక్షితమో, ఎంతవరకు పనిచేస్తుందో పరీక్షించడాన్ని క్లినికల్ ట్రయల్ అంటారు. ఈ విషయాన్ని లింఫోమా చికిత్స చరిత్రలోని కొన్ని నిజమైన ట్రయల్స్ ద్వారా ఈ భాగంలో తెలుసుకుందాం.

9.2 లింఫోమా అంటే ఏమిటి?

కాలికి పుండు అయినప్పుడు గజ్జల్లో బిళ్ళ కట్టడం మీరు చూసే ఉంటారు. మెడ, చంకలు, గజ్జలు మొదలైన చోట్ల ఉండే శోషరస కణుపులలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు ఉంటాయి. రోగక్రిములు ప్రవేశించినప్పుడు ఈ కణాలు వృద్ధి చెందుతాయి, కణుపు ఉబ్బుతుంది. పుండు మానితే బిళ్ళ కూడా తగ్గిపోతుంది. ఈ లింఫోసైట్లే అదుపు తప్పి పెరగడాన్ని లింఫోమా అంటారు. అప్పుడు వచ్చే వాపు చాలామందిలో నొప్పి లేకుండా, తగ్గకుండా ఉంటుంది. జ్వరం, రాత్రిపూట చెమటలు, బరువు తగ్గడం కూడా కనిపించవచ్చు.

లింఫోమాలను హాడ్జ్‌కిన్ రకం, నాన్-హాడ్జ్‌కిన్ రకం అని రెండుగా విభజిస్తారు. నాన్-హాడ్జ్‌కిన్ రకాలలో ఎక్కువగా కనిపించేది డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా. ఇది త్వరగా పెరుగుతుంది, అయినా చికిత్సతో చాలామందిలో పూర్తిగా నయమవుతుంది. ఎముక మజ్జలోనూ రక్తంలోనూ పెరిగే లుకేమియా, ప్లాస్మా కణాల నుంచి వచ్చే మైలోమా దీనికి దగ్గరి వ్యాధులు.

ఈ వ్యాధికి 1970ల నుంచి వాడుకలో ఉన్న చికిత్స 'చాప్'. సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్, విన్‌క్రిస్టిన్, ప్రెడ్నిసోన్ అనే నాలుగు మందుల కలయిక ఇది. సాధారణంగా 21 రోజులకొకసారి ఇస్తారు. వీటిలో విన్‌క్రిస్టిన్‌ను మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీస్తారు.

9.3 ట్రయల్ దశలు

ప్రయోగశాలలోనూ జంతువుల మీదా పరీక్షలు పూర్తయ్యాక మందు మనుషుల దగ్గరికి వస్తుంది. అక్కడినుంచి నాలుగు దశలుంటాయి.

మొదటి దశ: కొద్దిమందిలో తగిన మోతాదును, దుష్ప్రభావాలను తెలుసుకుంటారు. ఇతర మందుల విషయంలో ఈ దశలో సాధారణంగా ఆరోగ్యవంతులు పాల్గొంటారు. క్యాన్సర్ మందులలో చాలావరకు రోగులే పాల్గొంటారు.

రెండో దశ: మరికొంతమందిలో మందుకు వ్యాధి లొంగుతున్నదా అని చూస్తారు.

మూడో దశ: వందల మంది రోగులను సమూహాలుగా విభజించి, కొత్త చికిత్సను అప్పటికి వాడుకలో ఉన్న ఉత్తమ చికిత్సతో పోలుస్తారు.

నాలుగో దశ: మందు మార్కెట్లోకి వచ్చాక పరిశీలన కొనసాగిస్తారు. అరుదైన హాని ఇక్కడే బయటపడుతుంది. ఉదాహరణకు రిటుక్సిమాబ్ అనే మందు, శరీరంలో అణిగి ఉన్న హెపటైటిస్-బి వైరస్‌ను తిరిగి విజృంభించేలా చేయగలదని మందు వాడుకలోకి వచ్చాక తెలిసింది. అందుకే ఇప్పుడు ఆ మందు మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష చేస్తారు.

9.4 నాలుగు చికిత్సల పోటీ

రెండో దశలో మంచి ఫలితం వస్తే చాలదా, మూడో దశ ఎందుకు అనే సందేహం మీకు కలగవచ్చు. దీనికి సమాధానం చాప్ చరిత్రలోనే ఉంది.

త్వరగా పెరిగే నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమా ముదిరినవారిలో చాప్ సుమారు 30 శాతం మందిని నయం చేసేది. ఆ తరవాత మరిన్ని మందులు చేర్చి, మరింత తీవ్రమైన చికిత్సలను తయారుచేశారు. ఒక్కో పెద్ద ఆసుపత్రి తన రోగులలో వీటిని పరీక్షించి, 55 నుంచి 65 శాతం మంది నయం కావచ్చని అంచనా వేసింది. అంకెలు చూస్తే చాప్ కాలం చెల్లిందనే అనిపిస్తుంది. అయితే అమెరికాలోని పరిశోధన బృందాలు నాలుగు చికిత్సలను ఒకే ట్రయల్‌లో పక్కపక్కన పెట్టి చూశాయి. 1993లో ప్రచురించిన ఫలితాలలో 899 మంది రోగుల వివరాలున్నాయి.

మూడేళ్ళకు జీవించి ఉన్నవారు:
చాప్ - 54 శాతం
ఎం-బాకాడ్ - 52 శాతం
ప్రోమేస్-సైటాబామ్ - 50 శాతం
మేకాప్-బి - 50 శాతం

చికిత్స దుష్ప్రభావం వల్లనే మరణించినవారు:
చాప్ - 1 శాతం
ప్రోమేస్-సైటాబామ్ - 3 శాతం
ఎం-బాకాడ్ - 5 శాతం
మేకాప్-బి - 6 శాతం

మొదటి పట్టికలోని స్వల్ప తేడాలు కాకతాళీయంగా కూడా రాగలిగినంత చిన్నవి. కాబట్టి చాప్ మిగతావాటికన్నా ఎక్కువమందిని బతికించిందని అనలేం. మిగతావి చాప్‌ను మించలేదని మాత్రం చెప్పగలం. పైగా వాటివల్ల హాని ఎక్కువ. అందువల్ల చాప్ ప్రామాణిక చికిత్సగా నిలిచింది. ఈ పోలిక జరగకపోయి ఉంటే, మంచి చేస్తున్నామన్న నమ్మకంతోనే వైద్యులు మరింత ప్రమాదకరమైన చికిత్సను వాడుతూ పోయేవారు.

మరి తొలి అంచనాలు ఎందుకు తప్పాయి? ఒక వరి వంగడాన్ని కాలువ కింది పొలంలోనూ మరోదాన్ని మెట్టలోనూ వేసి దిగుబడులు పోల్చామనుకోండి. తేడా వంగడానిదో నేలదో చెప్పలేం. ఒకే ఆసుపత్రిలో జరిగే చిన్న పరిశీలనలోనూ ఇదే చిక్కు ఉంటుంది. అక్కడిదాకా రాగలిగినవారు, తీవ్రమైన మందులను తట్టుకోగల వయసూ ఆరోగ్యమూ ఉన్నవారు అందులో ఎక్కువగా చేరతారు. వారి ఫలితాలను, వేరే కాలంలో వేరే చోట చికిత్స పొందినవారి ఫలితాలతో పోల్చడం సరికాదు.

దీనికి విరుగుడు యాదృచ్ఛిక కేటాయింపు. ఏ రోగి ఏ సమూహంలోకి వెళ్ళాలో వైద్యుడు గానీ రోగి గానీ నిర్ణయించరు. చీటీలు తీసినట్లుగా, ఇప్పుడు కంప్యూటర్ ద్వారా, అది నిర్ణయమవుతుంది. అప్పుడు వయసు, వ్యాధి తీవ్రత, మనకు తెలియని ఇతర అంశాలు కూడా సమూహాలలో దాదాపు సమానంగా సర్దుకుంటాయి. ఈ పద్ధతిని 1920లలో ఇంగ్లండులో ఆర్. ఎ. ఫిషర్ వ్యవసాయ ప్రయోగాల కోసమే అభివృద్ధి చేశాడు.

9.5 చాప్‌ను మించిన చికిత్స

లింఫోమా కణాలలో ఎక్కువవాటి ఉపరితలంపై సీడీ-20 అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని గుర్తించి అతుక్కునే ప్రతిదేహం రిటుక్సిమాబ్. నెమ్మదిగా పెరిగే లింఫోమా తిరగబెట్టిన 166 మందిలో దీన్ని పరీక్షించగా సుమారు సగం మందిలో వ్యాధి లొంగింది. 1997లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది.

త్వరగా పెరిగే రకంలో చాప్‌కు దీన్ని చేరిస్తే మేలుంటుందా? ఫ్రాన్స్ కేంద్రంగా పనిచేసిన వైద్యబృందం 60-80 ఏళ్ళ వయసున్న 399 మందిని యాదృచ్ఛికంగా రెండు సమూహాలు చేసింది. ఒక సమూహానికి చాప్, రెండోదానికి చాప్‌తోపాటు రిటుక్సిమాబ్ ఇచ్చారు. 2002లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రెండేళ్ళకు చాప్ సమూహంలో 57 శాతం, రెండో సమూహంలో 70 శాతం జీవించి ఉన్నారు. పదేళ్ళ తరవాత చూసినా ఈ తేడా నిలిచింది: 27.6 శాతం, 43.5 శాతం. దీనితో 'ఆర్-చాప్' కొత్త ప్రామాణిక చికిత్స అయింది. 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ రిటుక్సిమాబ్‌ను పోలిన మందును 'రెడిటక్స్' పేరుతో భారతదేశంలో విడుదల చేసింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. ట్రయల్‌లో "రెండో సమూహం" అంటే మందు ఇవ్వకుండా వదిలేసినవారు అని కొందరు భయపడతారు. పై ట్రయల్‌లో రెండు సమూహాలకూ చాప్ అందింది. మేలైన చికిత్స ఉన్న వ్యాధిలో దాన్ని ఆపి ఉత్తుత్తి మందు మాత్రమే ఇవ్వడం నైతికం కాదు.

కొన్ని ట్రయల్స్‌లో పోల్చే సమూహం ఉండదు. ఇతర చికిత్సలు పనిచేయని రోగులలో, రోగి సొంత టి-కణాలను బయటకు తీసి, క్యాన్సర్‌ను గుర్తించేలా జన్యుపరంగా మార్చి తిరిగి ఎక్కించే 'కార్ టి-సెల్' చికిత్సను అలాగే పరీక్షించారు. 2017లో వెలువడిన ఒక ట్రయల్‌లో ఈ చికిత్స పొందిన 101 మందిలో 54 శాతం మందిలో వ్యాధి జాడలు పూర్తిగా పోయాయి. అటువంటి రోగులలో అంతకుముందు చికిత్సలతో ఇది 7 శాతమే. తేడా ఇంత పెద్దదైనా అక్కడితో ఆగలేదు. తరవాత 359 మందితో యాదృచ్ఛిక ట్రయల్ జరిపి దాని మేలును నిర్ధారించారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ ఆసుపత్రి కృషితో రూపొందిన 'నెక్స్‌కార్19'కు మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి లభించింది.

9.6 దేన్ని కొలిచారు?

"మెరుగైన ఫలితం" అని చదివినప్పుడు, ఏ విషయంలో మెరుగు అని ప్రశ్నించండి. పోలారిక్స్ అనే ట్రయల్‌లో 879 మందిని రెండు సమూహాలు చేసి, ఒకదానికి ఆర్-చాప్ ఇచ్చారు. రెండోదానిలో విన్‌క్రిస్టిన్‌కు బదులు పోలాటుజుమాబ్ వెడోటిన్ అనే కొత్త మందు ఇచ్చారు. రెండేళ్ళకు వ్యాధి ముదరకుండా జీవించి ఉన్నవారు ఆర్-చాప్ సమూహంలో 70.2 శాతం, కొత్త మందు సమూహంలో 76.7 శాతం. కానీ మొత్తం మీద జీవించి ఉన్నవారు 88.6, 88.7 శాతం, అంటే దాదాపు సమానం. వ్యాధి తిరగబెట్టకపోవడం రోగికి నిజమైన లాభమే. అయినా ఆయుష్షు పెరగడం, వ్యాధి వెనక్కి తగ్గడం ఒకటి కావు. ఖరీదైన మందు గురించి నిర్ణయం తీసుకునే కుటుంబానికి ఈ తేడా తెలిసి ఉండాలి.

9.7 రోగి హక్కులు

మన దేశంలో ట్రయల్స్‌ను 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు నియంత్రిస్తాయి. ప్రతి ట్రయల్‌నూ ముందుగా నైతికత సంఘం ఆమోదించాలి. అందులో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. వారిలో ఒక సామాన్య పౌరుడు, ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు ఉండాలి. 2009 నుంచి ట్రయల్‌ను భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి.

సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేనివారి విషయంలో, ట్రయల్‌తో సంబంధంలేని సాక్షి ఎదుట వివరించాలి. కారణం చెప్పకుండానే ఎప్పుడైనా ట్రయల్ నుంచి తప్పుకోవచ్చు. తప్పుకున్నంత మాత్రాన మామూలు చికిత్సకు ఆటంకం కలగకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి.

ఈ నియమాలు కాగితానికే పరిమితమైతే ఏమవుతుందో తెలుగువారికి తెలుసు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చే ప్రాజెక్టు జరిగింది. అది లింఫోమా ట్రయల్ కాదు, కానీ సమ్మతికి సంబంధించిన పాఠం ఒకటే. హాస్టళ్ళలో ఉన్న ఎందరో బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకం చేసినట్లు బయటపడింది. 2010లో ప్రాజెక్టును నిలిపివేశారు. సంతకం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్లు కాదు.

మీ ఇంట్లోగానీ ఊళ్ళోగానీ ఎవరినైనా ట్రయల్‌లో చేరమని అడిగితే ఈ ప్రశ్నలు వేయమనండి: ఇది ఏ దశ? నాకు వచ్చే అవకాశమున్న చికిత్సలేవి? చేరకపోతే ఇచ్చే చికిత్స ఏది? ఇప్పటివరకు తెలిసిన హాని ఏమిటి? ఖర్చు ఎవరిది? రాత్రివేళ ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? సరైన సమాధానాలు దొరికాకే సంతకం చేయాలి.

9.8 సారాంశం

కొత్తదనం గానీ, తీవ్రత గానీ, చిన్న పరిశీలనలో కనిపించిన మంచి ఫలితం గానీ చికిత్స మేలైనదనడానికి రుజువు కావు. తీవ్రమైన చికిత్సలు చాప్‌ను మించలేదని 1993 నాటి ట్రయల్ చూపింది. రిటుక్సిమాబ్ చేరిస్తే ప్రాణాలు నిలుస్తాయని 2002 నాటి ట్రయల్ చూపింది. రెండూ ఒకే పద్ధతితో తేలాయి. ఈనాటి రోగి పొందే ఆర్-చాప్ వెనుక, ఏ సమూహంలో పడతామో తెలియకుండానే సమ్మతించిన వందలాది రోగులున్నారు. వారి సమ్మతి తెలిసి, ఇష్టపడి ఇచ్చినదై ఉండాలన్నదే నియమాల సారం.

9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. క్యాన్సర్ మందుల మొదటి దశ ట్రయల్ ఇతర మందుల ట్రయల్ కంటే ఎలా భిన్నమైనది?
2. 899 మంది రోగులతో జరిగిన ట్రయల్‌లో చాప్ ప్రామాణిక చికిత్సగా ఎందుకు నిలిచింది?
3. యాదృచ్ఛిక కేటాయింపు ఆవశ్యకతను మీ ప్రాంతంలోని ఒక ఉదాహరణతో వివరించండి.
4. "సంతకం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్లు కాదు." చర్చించండి.