ముందు రొట్టె, తరువాతే మాట

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాదిమంది చనిపోయారు. ఆ ఉప్పెనలో ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న మామ్మగారు ఒకరు మా సంఘంలో ఉండేవారు. గాలివాన మొదలైతే చాలు, ఆరాధన మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయేవారు. నేను పరిచర్యకు కొత్త. "మామ్మగారూ, విశ్వాసికి భయమేమిటి? లేచి సాక్ష్యం చెప్పండి" అన్నాను, అందరి ముందు. రెండు నెలలు ఆమె మందిరానికి రాలేదు.

అది అవిశ్వాసం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. పెద్ద దెబ్బ తిన్న మనసుకు ఏళ్లు గడిచినా ఒక శబ్దమో వాసనో చాలు, ఆ రోజే తిరిగి వచ్చినట్టు ఒళ్లు వణుకుతుంది. అమెరికా మానసిక వైద్యులు 1980లో దీనిని ఒక జబ్బుగా గుర్తించి పేరు పెట్టారు.

1 రాజులు 19వ అధ్యాయం తీయండి. చావు కోరుకొని చెట్టు క్రింద పడుకున్న ఏలీయాకు దేవుడు ప్రసంగం పంపలేదు. దూత తట్టి లేపి, నిప్పులమీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకుంటే గద్దించలేదు, రెండవసారీ తినమన్నాడు. ఇక్కడేమి పని అనే ప్రశ్న హోరేబు చేరాకే వచ్చింది. మనమేమో ప్రశ్నతోనే మొదలుపెడతాం!

నిద్ర పట్టక, చావు తలంపులు వస్తుంటే ప్రార్థనతోపాటు డాక్టరుకూ చూపించండి. టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

నేను మామ్మగారింటికి వెళ్లి క్షమించమన్నాను. ఏమీ అడగలేదు. మూడోసారి వెళ్లినప్పుడు, బిడ్డల పేర్లు ఆమే చెప్పారు. తరువాతి ఆదివారం తలుపు ప్రక్కన ఆమెకు కుర్చీ వేయించాము.